కంప్రెస్ చేసిన యానిమేషన్‌ను ప్రోగ్రామ్‌లో వెనక్కి నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా ప్లేయర్ రాస్తున్నవాళ్లు, గేమ్‌లో చిన్న క్లిప్పును వెనక్కి తిప్పాలనుకునేవాళ్లు, కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు అడిగే సందేహాలు తిరిగి తిరిగి ఇవే వస్తున్నాయి. ముందుకు ఆడించడం త్వరగానే వచ్చేస్తుంది. వెనక్కి అనగానే బొమ్మ చెదిరిపోతుంది, రంగులు మారిపోతాయి, లేదా మెమరీ నిండిపోతుంది. మూలకారణం ఒక్కటే: చాలా ఫార్మాట్లు పూర్తి బొమ్మలకు బదులు, ముందటి బొమ్మతో వచ్చిన మార్పులనే దాచుతాయి. మెమరీ, ప్రాసెసర్ సమయం, డిస్కు స్థలం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎక్కువ ఖర్చు పెట్టకుండా వెనక్కి నడపడం కుదరదు. మీ దగ్గర ఏది ఉందో ముందే తేల్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఫ్రేములన్నీ ఫైల్లో ఉన్నాయి కదా, చివరి నుంచి ఒక్కొక్కటీ చదివితే సరిపోదా?

సరిపోదు. చాలా ఫార్మాట్లలో మొదటి ఫ్రేము మాత్రమే పూర్తి బొమ్మ. ఆ తర్వాత ఉండేవన్నీ మార్పుల చిట్టాలు. వీటినే డెల్టాలు అంటారు. "ఫలానా వరుసలో ఫలానా పిక్సెల్ నుంచి ఈ రంగులు పెట్టు" అని చెబుతాయి, అంతే. నల్లబల్ల మీద ఉన్న అంకె చెరిపి 7 రాయమంటే, చెరిపిన అంకె ఏదో ఆ మాటలో ఉండదు కదా. ఇక్కడా అంతే.

50వ ఫ్రేము నుంచి 49కి రావాలంటే, 50వ డెల్టా చెరిపేసిన పిక్సెళ్ల పాత రంగులు కావాలి. అవి 50వ డెల్టాలో ఉండవు. 49వ డెల్టాలో ఉంటాయన్న నమ్మకమూ లేదు. ఆ పిక్సెల్ చివరిసారి 12వ ఫ్రేములో మారి ఉంటే దాని రంగు 12వ డెల్టాలోనే దొరుకుతుంది. అందుకే 49వ బొమ్మ కావాలంటే ఏదో ఒక పూర్తి ఫ్రేము నుంచి ముందుకు నడుచుకుంటూ 49 దాకా రావాల్సిందే.

ఈ చిక్కు ఏ ఫార్మాట్లకు ఉంది, వేటికి లేదు?

ఆటోడెస్క్ యానిమేటర్ వాడిన ఎఫ్‌ఎల్‌ఐ, ఎఫ్‌ఎల్‌సి, కదిలే జిఫ్, ఏపీఎన్‌జీ, కదిలే వెబ్‌పీ, హెచ్.264 లాంటి వీడియోలు, వీటన్నిటికీ ఉంది.

మోషన్ జేపెగ్, ప్రోరెస్, పీఎన్‌జీ బొమ్మల వరుస, వీటిలో ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తి కాబట్టి చిక్కు లేదు. చివరి నుంచి నేరుగా చదవండి.

లాటీ, సీఎస్‌ఎస్ యానిమేషన్లు వేరే తరహా. వాటిలో ఏ క్షణానికి ఏ ఆకారం ఎక్కడుండాలో లెక్క కట్టి గీస్తారు. లాటీ వెబ్ ప్లేయర్‌లో సెట్‌డైరెక్షన్‌కు −1 ఇస్తే చాలు. సీఎస్‌ఎస్‌లో యానిమేషన్ డైరెక్షన్‌ను రివర్స్ అని పెడితే పని అయిపోతుంది. కొత్తగా చేస్తున్న బటన్, లోగో లాంటివాటికి వెనక్కి తిరగడం తప్పనిసరి అయితే, మొదటే వీటిని ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

నా క్లిప్పు చిన్నదే. ఇంత ఆలోచించాలా?

అక్కర్లేదు. మొదటి నుంచి చివరి దాకా ఒకసారి డీకోడ్ చేసి, వచ్చిన పూర్తి బొమ్మలన్నీ ఒక అర్రేలో పెట్టుకుని చివరి నుంచి చూపించండి. సరిపోతుందో లేదో గుణకారం చేస్తే తెలుస్తుంది.

320×200 సైజులో 256 రంగుల బొమ్మకు 64,000 బైట్లు, దాని పాలెట్‌కు, అంటే రంగుల పట్టికకు, 768 బైట్లు. అలాంటివి 1000 ఫ్రేములున్నా దాదాపు 65 ఎంబీ. ఏ ఫోనైనా మోస్తుంది. 1920×1080 వీడియో అయితే, రంగు వివరాలను తగ్గించి దాచే 4:2:0 పద్ధతిలో ఒక్కో ఫ్రేము 31,10,400 బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 10 సెకన్లకే దాదాపు 778 ఎంబీ, ఒక నిమిషానికి 4.6 జీబీ దాటుతుంది. దాన్ని ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు తీసుకునే ఆర్‌జీబీఏలోకి మార్చి దాచుకుంటే ఇంకా రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. ఫైలు సైజు 5 ఎంబీయే కదా అనుకుని మోసపోకండి. లెక్కకు వచ్చేది విప్పిన తర్వాతి సైజు.

మెమరీ తక్కువున్న పాత రోజుల్లో దీన్ని ఎలా సాధించారు?

జిమ్ కెంట్ రాసిన ఆటోడెస్క్ యానిమేటర్ 1989లో వచ్చింది. అప్పటి డాస్ ప్రోగ్రాములకు మామూలుగా దొరికే మెమరీ 640 కేబీ. ప్రోగ్రామ్‌కు ఏమీ మిగల్చకుండా మొత్తం వాడేసినా అందులో పట్టేవి 320×200 ఫ్రేములు పదే. అన్నీ విప్పి పెట్టుకోవడం కలలో మాట.

అమిగా కంప్యూటర్ల మీద యానిమ్ అనే ఫార్మాట్ ఉండేది. దాని మొట్టమొదటి పద్ధతి వెనక్కి నడిపే పనికి అద్భుతంగా పనికొస్తుంది. అందులో కొత్త బొమ్మను, రెండు ఫ్రేముల కిందటి బొమ్మతో ఎక్స్‌ఓఆర్ చేసి (బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1), వచ్చిన తేడాను దాచేవారు. రెండు బఫర్లను మార్చి మార్చి తెర మీద చూపించేవారు కాబట్టి రెండు ఫ్రేముల దూరం. ఎక్స్‌ఓఆర్‌కు దిశ లేదు. 8వ బొమ్మకు 10వ తేడాను కలిపితే 10వ బొమ్మ వస్తుంది, 10వ బొమ్మకు అదే తేడాను మళ్లీ కలిపితే 8వ బొమ్మ వస్తుంది. అదనంగా ఒక్క బైటు కూడా దాచకుండా రెండు వైపులా నడపవచ్చు. వేగం కోసం తర్వాత వచ్చిన పద్ధతులు కొత్త విలువలనే నేరుగా రాయడం మొదలుపెట్టాక ఈ సౌకర్యం పోయింది. సొంత ఫార్మాట్ తయారు చేసుకుంటున్నవాళ్లు ఈ పాత ఆలోచనను తప్పకుండా పరిశీలించాలి.

## ఫైలు చదివేటప్పుడు

ఎఫ్‌ఎల్‌సి ఫైల్లో హెడర్ చెప్పినదానికంటే ఒక ఫ్రేము ఎక్కువ ఉంది. అదేంటి?

దాన్ని రింగ్ ఫ్రేము అంటారు. చివరి బొమ్మ నుంచి మొదటి బొమ్మకు రావడానికి కావాల్సిన డెల్టా అది. లూప్ తిరిగేటప్పుడు మొదటి ఫ్రేమును మళ్లీ మొత్తం విప్పే పని తప్పించడానికి పెట్టారు. హెడర్‌లోని లెక్కలో అది చేరదు, దాన్ని విడిగా చూపించకూడదు.

వెనక్కి లూప్ చేసేటప్పుడు మీకు కావాల్సింది మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మకు వెళ్లడం. రింగ్ ఫ్రేము చేసేది దానికి ఎదురు పని, కాబట్టి ఉపయోగపడదు. చివరి బొమ్మ నకలు ఒకటి ఎప్పుడూ మెమరీలో ఉంచుకోండి. ఇంకో మాట: ఎఫ్‌ఎల్‌ఐలో వేగం సెకనులో 70వ వంతుల్లో ఉంటుంది, ఎఫ్‌ఎల్‌సిలో మిల్లీసెకన్లలో ఉంటుంది.

జిఫ్‌ను తిప్పితే పాత బొమ్మల మరకలు మిగిలిపోతున్నాయి. ఎందుకు?

డిస్పోజల్ అనే సూచనను పట్టించుకోకపోవడం వల్ల. జిఫ్‌లో ప్రతి ఫ్రేమూ తెర మొత్తాన్ని కప్పదు. చిన్న దీర్ఘచతురస్రం కావచ్చు, అందులోనూ కొన్ని పిక్సెళ్లు పారదర్శకం కావచ్చు. ఆ ఫ్రేము సమయం అయిపోయాక ఏం చేయాలో డిస్పోజల్ చెబుతుంది. 1 అంటే అలాగే వదిలెయ్, 2 అంటే ఆ భాగాన్ని ఖాళీ చెయ్, 3 అంటే ఈ ఫ్రేము గీయకముందు ఎలా ఉందో అలా చెయ్. 0 ఉంటే ఏమీ చెప్పలేదని అర్థం, మామూలుగా 1 లాగే చూస్తారు.

ఈ మూడు సూచనలూ ముందుకు నడిచే వరుసను నమ్ముకుని రాసినవి. ఫ్రేముల వరుసను మాత్రమే తలకిందులు చేసి సూచనలను అలాగే ఉంచితే, ఖాళీ కావాల్సిన చోటు ఖాళీ కాదు, అంటుకోవాల్సిన ముక్క గాల్లో తేలుతుంది. ముందు మామూలు వరుసలో నడుపుతూ, ప్రతి ఫ్రేమూ గీసిన వెంటనే, డిస్పోజల్ జరగకముందే, తెర మొత్తాన్ని నకలు తీయండి. ఆ నకళ్లే మీ అసలు ఫ్రేములు. వాటిని ఏ వరుసలో చూపించినా తేడా రాదు.

బొమ్మ సరిగ్గానే ఉంది, రంగులు మాత్రం పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి.

పాలెట్‌ను మర్చిపోయి ఉంటారు. 256 రంగుల ఫార్మాట్లలో పిక్సెల్‌లో ఉండేది రంగు కాదు, పాలెట్‌లో దాని వరుస సంఖ్య. ఎఫ్‌ఎల్‌ఐ, ఎఫ్‌ఎల్‌సిలలో పాలెట్ కూడా మధ్యలో మారవచ్చు. ఆ మార్పు కూడా డెల్టాయే: ఇన్ని రంగులు దాటెయ్, తర్వాతి ఇన్నింటిని మార్చు అంటుంది. సూర్యాస్తమయం, మెరిసే నీళ్లు లాంటివాటిని అప్పటి కళాకారులు పిక్సెళ్లను కదపకుండా పాలెట్‌ను తిప్పే సాధించేవారు. అలాంటి ఫైల్లో పిక్సెళ్లను మాత్రమే దాచుకుంటే వెనక్కి నడిపేటప్పుడు ఏమీ కదలదు, లేదా చివరి ఫ్రేము రంగులే అన్నిటికీ అంటుకుంటాయి. ప్రతి ఫ్రేముతో పాటు ఆ క్షణపు పాలెట్ మొత్తాన్నీ దాచండి. 768 బైట్ల దగ్గర పొదుపు చేయడం దండగ.

వీడియోలో ఫ్రేములు గజిబిజి వరుసలో వస్తున్నాయి.

హెచ్.264లో మూడు రకాల ఫ్రేములు ఉంటాయి. ఐ ఫ్రేము పూర్తి బొమ్మ. పీ ఫ్రేము ఇంతకుముందే డీకోడ్ అయినవాటి మీద ఆధారపడుతుంది. బీ ఫ్రేము మామూలుగా చూపించే వరుసలో తనకు ముందున్నదాన్నీ, వెనకున్నదాన్నీ రెండింటినీ వాడుకుంటుంది. అందుకే ఐ, బీ, బీ, పీ అని చూపించాల్సినవి ఫైల్లో ఐ, పీ, బీ, బీ అని ఉంటాయి. డీకోడ్ చేయడం ఫైలు వరుసలోనే చేయండి. తర్వాత ప్రెజెంటేషన్ టైమ్‌స్టాంపు, అంటే పీటీఎస్ ప్రకారం సర్ది, అప్పుడు తిప్పండి. ప్యాకెట్లను చివరి నుంచి డీకోడర్‌కు ఇవ్వడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

వాట్సాప్‌లో వచ్చిన జిఫ్‌ను నా జిఫ్ కోడ్ చదవట్లేదు.

అది జిఫ్ కాదు. వాట్సాప్ జిఫ్‌లను ఎంపీ4 వీడియోగా మార్చి పంపుతుంది. వీడియో డీకోడర్‌తో తెరవండి.

## కోడ్ రాసేటప్పుడు

అన్ని ఫ్రేములూ మెమరీలో పట్టవు. ప్రతిసారీ మొదటి నుంచి డీకోడ్ చేయాలా?

వద్దు. 900 ఫ్రేముల క్లిప్పును అలా వెనక్కి నడిపితే మొత్తం 4,05,450 సార్లు డీకోడ్ చేయాల్సి వస్తుంది. మొదట్లో ఒక్కో బొమ్మకూ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడాలి.

మధ్యలో చెక్‌పాయింట్లు పెట్టుకోండి. ఒకసారి ముందుకు నడుపుతూ ప్రతి 30 ఫ్రేములకు ఒకసారి పూర్తి స్థితిని దాచండి. 900 ఫ్రేములకు 30 చెక్‌పాయింట్లు అవుతాయి. వెనక్కి నడిపేటప్పుడు చివరి చెక్‌పాయింట్ నుంచి 30 ఫ్రేములు విప్పి, వాటిని తలకిందులుగా చూపించి, ఆ తర్వాత దానికి ముందున్న చెక్‌పాయింట్‌కు వెళ్లండి. మెమరీలో ఏ క్షణంలోనూ 60 బొమ్మలకు మించవు. మొత్తం డీకోడ్ చేసేది 1800 సార్లు. 4 లక్షలు ఎక్కడ, 1800 ఎక్కడ!

దూరం 30 అని ఎందుకంటే అది 900కు వర్గమూలం. చెక్‌పాయింట్లు, విప్పిన ముక్క, రెండూ కలిపి అతి తక్కువ మెమరీ తీసుకునేది అప్పుడే. ఈ ఒక్క పద్ధతి బాగా ఒంటబడితే ఫార్మాట్ ఏదైనా భయం ఉండదు. కొత్తవాళ్లకు నేను మొదట నేర్పేది ఇదే.

చెక్‌పాయింట్‌లో ఏమేం ఉండాలి?

అక్కడి నుంచి డీకోడర్ మళ్లీ నడవడానికి కావాల్సినవన్నీ. పిక్సెళ్లు, పాలెట్, తర్వాతి ఫ్రేము నంబరు, ఫైల్లో అది మొదలయ్యే చోటు. అమిగా యానిమ్ అయితే రెండు బఫర్లూ దాచాలి. జిఫ్‌కు ఒక చిట్కా ఉంది: చెక్‌పాయింట్‌ను డిస్పోజల్ జరిగిపోయాక, తర్వాతి ఫ్రేము గీయబోయే ముందు తీసుకోండి. అప్పుడు "ముందటి స్థితి" కోసం ఇంకో బఫర్ దాచే పని ఉండదు.

వెనక్కి వెళ్లే డెల్టాలను నేనే తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. యూజర్ ఎప్పుడుపడితే అప్పుడు ముందుకూ వెనక్కూ జరిపే ఎడిటర్‌కు ఇది చాలా బాగుంటుంది. ముందుకు వెళ్తూ డెల్టాను అమలు చేసేటప్పుడు, ఏ పిక్సెళ్లను మార్చబోతున్నారో వాటి పాత విలువలను ముందుగా ఒక పక్కన రాసిపెట్టుకోండి. వెనక్కి రావాలంటే ఆ పాత విలువలు తిరిగి రాస్తే చాలు. ఒక్కో అడుగుకు అయ్యే పని మారిన పిక్సెళ్లకు తగ్గట్టే ఉంటుంది, బొమ్మ సైజుతో సంబంధం లేదు. బొమ్మలో చాలా భాగం ప్రతి ఫ్రేముకూ మారుతుంటే మాత్రం లాభం లేదు. అలాంటప్పుడు చెక్‌పాయింట్లే మేలు.

వీడియోలో కీఫ్రేములే చెక్‌పాయింట్లుగా వాడుకోవచ్చు కదా?

అవును, అదే సరైన దారి. కీఫ్రేము అంటే డీకోడ్ మొదలుపెట్టడానికి వీలైన పూర్తి బొమ్మ. ఒక కీఫ్రేము నుంచి తర్వాతి కీఫ్రేము దాకా ఒక ముక్క, దీన్నే జీఓపీ అంటారు. కానీ ఆ ముక్క పొడవు చూసుకోండి. ఎక్స్264 ఎన్‌కోడర్ ఏమీ చెప్పకపోతే కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా వదులుతుంది. సెకనుకు 25 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీలో అది ఒక్క ముక్కకే 778 ఎంబీ.

ఫైలు మీ చేతిలో ఉంటే, కీఫ్రేము దూరాన్ని 12 లేదా 15కు తగ్గించి మళ్లీ ఎన్‌కోడ్ చేయండి. ఫైలు పెరుగుతుంది, నడక మాత్రం హాయిగా ఉంటుంది. దూరం 1 పెడితే అన్నీ పూర్తి ఫ్రేములే. ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడే ఓపెన్ జీఓపీ ఫైళ్లలో ఇంకో మెలిక: కీఫ్రేము తర్వాత వచ్చే మొదటి కొన్ని బీ ఫ్రేములకు అంతకుముందు ముక్క కూడా కావాలి. అలాంటివాటికి ఒక కీఫ్రేము వెనక నుంచి డీకోడ్ మొదలుపెట్టండి.

బ్రౌజర్‌లో వీడియో ప్లేబ్యాక్‌రేట్‌ను −1 చేస్తే అయిపోదా?

కొన్ని బ్రౌజర్లలో పనిచేయదు. క్రోమ్ ఒప్పుకోదు. కరెంట్‌టైమ్‌ను కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవడం చాలామంది చేసే పని. కీఫ్రేములు దూరంగా ఉంటే అది నత్తనడకే. చిన్న క్లిప్పు అయితే వెనక్కి తిప్పిన రెండో ఫైలును సర్వర్‌లో పెట్టుకోవడమే నమ్మకమైన పని.

ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు లూప్ చేస్తే రెండు చివర్లా ఆగినట్టు ఉంటోంది.

చివరి బొమ్మా, మొదటి బొమ్మా రెండేసి సార్లు చూపిస్తున్నారు. వెనక్కి వచ్చేటప్పుడు ఆ రెండింటినీ వదిలేయండి. 10 ఫ్రేములకు లూప్‌లో 18 రావాలి, 20 కాదు.

## తేడా కొడితే

దాచిన ఫ్రేములన్నీ చివరి బొమ్మలాగే కనిపిస్తున్నాయి.

అర్రేలో బొమ్మ నకలు పెట్టలేదు, బఫర్ చిరునామా పెట్టారు. డీకోడర్ ప్రతి ఫ్రేమునూ అదే బఫర్‌లో గీస్తుంది. కాబట్టి అన్ని చిరునామాలూ ఒకే చోటును చూపిస్తున్నాయి. బైట్లను కాపీ చేయండి, లేదా లైబ్రరీ రిఫరెన్స్ లెక్క ఇస్తుంటే దాని ద్వారా పట్టుకోండి.

వీడియోలో ప్రతి ముక్క చివరా రెండు మూడు ఫ్రేములు మాయమవుతున్నాయి.

బీ ఫ్రేముల కోసం డీకోడర్ కొన్ని బొమ్మలను తన దగ్గరే ఉంచుకుంటుంది. ముక్క అయిపోయాక ఖాళీ ప్యాకెట్ పంపి, మిగిలినవన్నీ బయటకు రప్పించాలి. తర్వాతి ముక్కకు వెళ్లే ముందు డీకోడర్‌ను ఫ్లష్ చేయాలి, అంటే దాని లోపలి పాత స్థితిని తుడిచేయాలి.

ముక్క మారిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతోంది.

ఒక ముక్కను చూపిస్తుండగానే దానికి ముందు ముక్కను ఇంకో థ్రెడ్‌లో విప్పి సిద్ధంగా ఉంచండి. మెమరీ రెండు ముక్కలకు సరిపడా కావాలి.

వెనక్కి నడిపేటప్పుడు వేగం అక్కడక్కడా తప్పుతోంది.

జిఫ్‌లో ప్రతి ఫ్రేముకూ విడి సమయం ఉంటుంది, సెకనులో 100వ వంతుల్లో. అది ఆ ఫ్రేముతోనే ప్రయాణించాలి. వరుసలో ఉన్న చోటికి అంటిపెట్టకూడదు. టైమ్‌స్టాంపులు వాడే ఫార్మాట్లలో కొత్త ప్రారంభం = మొత్తం నిడివి − (పాత ప్రారంభం + ఆ ఫ్రేము నిడివి). చాలామంది ఫ్రేము నిడివిని కలపడం మర్చిపోతారు. ఫ్రేములన్నీ ఒకే నిడివిలో ఉంటే ఆ తప్పు బయటపడదు, తేడాలున్న ఫైల్లోనే దొరికిపోతుంది.

ధ్వనిని తిప్పితే గరగరలాడుతోంది.

బైట్లను తిప్పి ఉంటారు. 16 బిట్ల స్టీరియోలో ఎడమకు 2, కుడికి 2, కలిపి 4 బైట్లు ఒక కట్ట. కట్ట లోపల ముట్టుకోకుండా కట్టల వరుసను తిప్పండి. ఎంపీ3, ఏఏసీలను ముందు పూర్తిగా విప్పాకే ఈ పని.

## ఫైలుగా సేవ్ చేసేటప్పుడు

కోడ్ రాయకుండా తిప్పే సాధనాలు ఏవి?

జిఫ్‌కు ఇమేజ్‌మ్యాజిక్. వరుస ముఖ్యం: మొదట కోఅలెస్, తర్వాత రివర్స్, చివర లేయర్స్ ఆప్టిమైజ్. కోఅలెస్ అంటే ప్రతి ఫ్రేమునూ పూర్తి బొమ్మగా మార్చడం. దాన్ని వదిలేస్తే ముక్కలే మిగులుతాయి.

వీడియోకు ఎఫ్‌ఎఫ్ఎమ్‌పెగ్‌లో రివర్స్, ధ్వనికి ఏరివర్స్ ఫిల్టర్లు ఉన్నాయి. రివర్స్ ఫిల్టర్ క్లిప్పు మొత్తాన్నీ విప్పి మెమరీలో పెట్టుకుంటుంది. పెళ్లి వీడియో మొత్తం ఇస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుంది. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కోదాన్నీ తిప్పి, చివరి ముక్క మొదట వచ్చేలా అతికించండి. చూడటానికే అయితే ఎంపీవీ ప్లేయర్ 2019లో వచ్చిన 0.30 వెర్షన్ నుంచి నేరుగా వెనక్కి ఆడిస్తుంది, కాస్త బరువుగానే.

తిప్పితే నాణ్యత తగ్గుతుందా?

ఎఫ్‌ఎల్‌సిలో తగ్గదు. జిఫ్‌లో ఉన్న పాలెట్‌లను మార్చకపోతే తగ్గదు. హెచ్.264ను మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే కొంత తగ్గుతుంది. మధ్యలో దాచే ముక్కలను ఎఫ్‌ఎఫ్‌వీ1 లాంటి నష్టం లేని కోడెక్‌లో పెట్టి, చివర ఒక్కసారే కుదించండి.

ఫ్రేములు అవే అయినా తిప్పిన ఫైలు సైజు మారింది. తప్పు జరిగిందా?

జరగలేదు. పిల్లలకు "అ" ఎలా రాయాలో గీత గీతగా చూపించే యానిమేషన్ తీసుకోండి. ముందుకు నడిచేటప్పుడు డెల్టాలో సిరా రంగు, అంచుల్లోని మెత్తని ఛాయలు ఉంటాయి. వెనక్కి నడిచేటప్పుడు అవే పిక్సెళ్లలో రాయాల్సింది ఖాళీ కాగితం రంగు. ఒకే రంగు వరుసగా వస్తే బాగా కుదించుకుపోతుంది కాబట్టి తిప్పిన ఫైలు చిన్నదవుతుంది. బొమ్మ చెరిగిపోయే యానిమేషన్‌ను తిప్పితే ఫైలు పెరుగుతుంది.

సరిగ్గా తిరిగిందో లేదో కంటితో చూస్తే సరిపోతుందా?

సరిపోదు, సెకనుకు 25 బొమ్మల్లో ఒకటి తప్పితే కన్ను పట్టుకోలేదు. ముందుకు నడుపుతూ ప్రతి పూర్తి బొమ్మకూ హ్యాష్ (బొమ్మలోని బైట్ల నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య) లెక్కించి జాబితా రాసుకోండి. పాలెట్ ఉంటే రంగులు వేశాక లెక్కించండి. వెనక్కి నడిపి ఇంకో జాబితా రాయండి. రెండోది తలకిందులు చేస్తే మొదటిదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మధ్యలో ఎక్కడ తేడా మొదలైందో చూస్తే తప్పు ఏ చెక్‌పాయింట్ దగ్గరుందో తెలుస్తుంది. పరీక్షకు ప్రతి ఫ్రేము మీదా దాని నంబరు వేసిన చిన్న క్లిప్పు ఒకటి తయారు చేసుకోండి. అందులో పాలెట్ మార్పు ఒకటి, వేర్వేరు నిడివుల ఫ్రేములు కొన్ని, జిఫ్ అయితే మూడు రకాల డిస్పోజల్‌లూ ఉండేలా చూసుకోండి.